తెరచాప పందెం, గట్టుమీది శ్రమదానం: హుసేన్‌సాగర్ పోటీకాలంపై పడమటి ప్రకాశం నుంచి ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

సముద్రానికి దూరంగా దక్కను పీఠభూమిపై ఉన్న హైదరాబాదు నగరంలో, హుసేన్‌సాగర్ జలాలపై ఏటా వానకాలంలో తెరచాప పడవల పందేలు జరుగుతాయి. వీటిని నడిపే సంఘాల కార్యకలాపాలలో పందెం, సామాజిక కలయిక, స్వచ్ఛంద సేవ అనే మూడు పాయలు ఉన్నాయి. చూసేవారికి పందెమే కనిపిస్తుంది. దాన్ని సాధ్యం చేసేది మాత్రం ఒడ్డునా నీటిమీదా జరిగే వేతనం లేని పని. ఈ వ్యాసం ఆ పోటీకాలపు నిర్మాణాన్ని, నియమావళిని, అందులో సేవకున్న స్థానాన్ని వివరిస్తుంది. తెలుగువారి చెరువు సంప్రదాయంలోని ఉమ్మడి శ్రమతో దాన్ని పోల్చి చూస్తుంది. త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు వంటి మెట్టప్రాంతాలు ఈ సంఘాల నుంచి ముందుగా స్వీకరించదగినది పందేన్ని కాదని, నీటి భద్రతా క్రమశిక్షణనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తెరచాప పడవ, హుసేన్‌సాగర్, పోటీకాలం, స్వచ్ఛంద సేవ, శ్రమదానం, కుడిమరామత్తు, కంభం చెరువు, నీటి భద్రత.

1. ప్రవేశిక

నల్లమల అంచున ఉన్న త్రిపురాంతకం నుంచి తెరచాప పడవల గురించి రాయడం మొదట వింతగా తోచవచ్చు. ఇక్కడి కుమారగిరి శ్రీశైలానికి తూర్పు ద్వారంగా ప్రసిద్ధి పొందింది. ఈ ప్రాంతపు ప్రజల నిత్య చర్చ బోరులో నీటిమట్టం, తాగునీటిలో ఫ్లోరైడు, వెలిగొండ ప్రాజెక్టు. నీరు కరవైన చోట నీటిమీది ఆట గురించి మాట్లాడటంలో ఔచిత్యమేమిటన్నది న్యాయమైన ప్రశ్నే.

దీనికి సమాధానం ఆ ఆటను నడిపే సంఘాల పనితీరులో ఉంది. తెరచాప క్రీడాసంఘం తన ఏడాది కాలంలో ఎక్కువ భాగాన్ని పందేనికి కాక, పందేన్ని సాధ్యం చేసే పనులకు ఖర్చు చేస్తుంది. ఆ పనులలో మొదటిది నీటిలోకి వెళ్ళిన ప్రతి మనిషినీ తిరిగి ఒడ్డుకు చేర్చడం. చెరువులు, కాలువలు, కుంటలు ఉన్న ప్రతి తెలుగు ఊరికీ ఈ పనితో సంబంధం ఉంది. అందువల్ల హుసేన్‌సాగర్ పోటీకాలాన్ని క్రీడా విశేషంగానే కాక, ఉమ్మడి వనరు చుట్టూ ఏర్పడిన ఒక సామాజిక వ్యవస్థగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. చెరువు, సంఘం, ఋతువు

ప్రపంచంలో తొలి తెరచాప క్రీడాసంఘంగా సాధారణంగా పేర్కొనేది 1720లో ఐర్లండులోని కార్క్ రేవులో ఏర్పడిన సంఘాన్ని. భారతదేశానికి ఈ ఆట ఆంగ్లేయ పాలనతో వచ్చింది. బొంబాయిలో 1846లోను, మద్రాసులో 1911లోను ఇటువంటి సంఘాలు వెలిశాయి. ఇవి రెండూ సముద్రతీర నగరాలు. హైదరాబాదు కథ వేరు. అక్కడ ఆటకు ఆధారమైనది సముద్రం కాదు, చెరువు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో తవ్వించిన హుసేన్‌సాగర్ ఒకప్పుడు నగరానికి తాగునీటి వనరు. దాని ఉత్తరపు గట్టున సికింద్రాబాదు దండు విస్తరించింది. తెరచాప పడవల సంస్కృతి అక్కడికి ఆ దండు జీవనంలో భాగంగానే చేరింది. సికింద్రాబాదులో నేటికీ 'బోట్స్ క్లబ్' అన్న పేరుతో ఒక ప్రాంతం ఉండటం దీనికి ఆనవాలు.

ఇప్పుడు ఈ చెరువుపై ప్రధానంగా మూడు సంస్థలు కనిపిస్తాయి. సైన్యంలోని ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఒకటి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ రెండవది. ఈ రెండూ కలిసి నిర్వహించే 'హైదరాబాద్ సెయిలింగ్ వీక్' దేశంలోని లేజర్ తరగతి పడవల పోటీలలో పేరెన్నికగన్నది. మూడవది 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్. సంజీవయ్య పార్కు వద్ద నీటిలోకి దిగే ఈ సంఘం బాలబాలికల శిక్షణకు, 'మాన్‌సూన్ రెగట్టా' అనే వానకాలపు పోటీలకు ప్రసిద్ధి. దేశస్థాయిలో ఈ క్రీడను 1960లో ఏర్పడిన యాటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తుంది.

పోటీకాలాన్ని నిర్ణయించేది పంచాంగం కాదు, గాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు నైరుతి ఋతుపవనాలు దక్కను మీదుగా పడమటి గాలిని బలంగా, నిలకడగా తీసుకువస్తాయి. తీరప్రాంతాలలో అదే కాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, చిన్న పడవలకు ప్రమాదకరం. అలలు లేని చెరువుమీద బలమైన గాలి దొరకడం లోతట్టు నగరానికి దక్కిన ప్రత్యేక అనుకూలత. అందుకే హైదరాబాదు పోటీలు ప్రధానంగా జులై, ఆగస్టు నెలల్లో జరుగుతాయి. ఆ తరువాత అదే చెరువు గణేశ నిమజ్జనానికి సిద్ధమవుతుంది. ఒకే జలాశయాన్ని క్రీడాకారులు, భక్తులు, పర్యాటకులు, నగరపు మురుగునీరు పంచుకోవడం ఈ పోటీకాలపు నేపథ్యం. గుర్రపుడెక్క, నాచు, దుర్వాసన అక్కడి నావికులకు గాలి ఎంత పరిచితమో అంత పరిచితం.

3. పందెం నిర్మాణం

తెరచాప పందెం బయటినుంచి చూసేవారికి అంత సులభంగా అర్థం కాదు. పడవలు తిన్నగా వెళ్ళవు, ఎవరు ముందున్నారో తెలియదు. దీనికి కారణం గాలి స్వభావం. ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు ఇరువైపులా సుమారు 45 డిగ్రీల మేర దానికి నిషిద్ధ ప్రాంతం. ఎదురుగా ఉన్న గుర్తును చేరాలంటే ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఏటవాలుగా మలుపులు తిరుగుతూ వెళ్ళాలి. పడవ అడుగున నీటిలోకి దించిన పలక అది పక్కకు కొట్టుకుపోకుండా అడ్డుకుంటుంది. తెరచాప అందుకున్న గాలిబలం, పలకపై నీరు చూపే నిరోధం కలిసి పడవను ముందుకు నడుపుతాయి.

పందెపు మార్గాన్ని నీటిపై తేలే గుర్తులతో ఏర్పరుస్తారు. నిర్వాహకుల పడవకూ ఒక గుర్తుకూ మధ్య ఊహించుకున్న రేఖ ఆరంభరేఖ. గాలి దిశకు ఇది అడ్డంగా ఉండాలి, లేకుంటే ఒక కొసన ఉన్నవారికి అనుచిత లాభం కలుగుతుంది. ఆరంభానికి 5 నిమిషాల ముందు తరగతి జెండా ఎగురుతుంది. 4 నిమిషాల ముందు సన్నాహపు జెండా ఎగురుతుంది, 1 నిమిషం ముందు అది దిగుతుంది. తరగతి జెండా దిగిన క్షణమే ఆరంభం. జెండాతో పాటు శబ్దసంకేతమూ ఉంటుంది కాని కాలగణనకు జెండాయే ప్రమాణం. ముందే రేఖ దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరాలి.

నీటిమీద ఎవరు ఎవరికి దారి ఇవ్వాలన్నది మూడు మూల సూత్రాలపై ఆధారపడుతుంది. కుడివైపు నుంచి గాలి అందుకునే పడవకు ఎడమవైపు నుంచి గాలి అందుకునే పడవ దారి ఇవ్వాలి. రెండూ ఒకే వైపు నుంచి గాలి అందుకుంటే, గాలికి దగ్గరగా ఉన్నది దూరంగా ఉన్నదానికి దారి ఇవ్వాలి. వెనుక ఉన్నది ముందున్నదానికి తగలకుండా తప్పుకోవాలి. ప్రపంచ సెయిలింగ్ సమాఖ్య ప్రచురించే పందెపు నియమావళి నాలుగేళ్ళకొకసారి సవరణ పొందుతుంది. ప్రస్తుతం అమలులో ఉన్నది 2025–2028 సంపుటి.

గెలుపు లెక్క కూడా విలక్షణమైనది. మొదటివారికి 1, రెండవవారికి 2, ఇలా స్థానమే అంకె అవుతుంది. మొత్తం తక్కువగా ఉన్నవారు విజేతలు. నిర్ణీత సంఖ్యలో పందేలు జరిగితే ప్రతివారికీ అతి చెడ్డ ఫలితాన్ని ఒకదాన్ని తొలగిస్తారు. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఐదు పందేలలో ఒక క్రీడాకారిణి స్థానాలు 1, 1, 9, 2, 2, మొత్తం 15. మరొకరి స్థానాలు 2, 2, 3, 3, 1, మొత్తం 11. తొలగింపు లేకుంటే రెండవవారు గెలుస్తారు. తొలగింపు తరువాత మొదటివారి మొత్తం 6, రెండవవారిది 8. విజయం మొదటివారిది. గాలి ఆకస్మికంగా మారడమో, తాడు తెగడమో వల్ల కలిగిన ఒక్క దుర్దినం వారం రోజుల శ్రమను వ్యర్థం చేయకూడదన్న భావన ఈ లెక్కలో ఉంది.

4. నియమావళిలో మొదటి మాట

ఇంత సూక్ష్మమైన నియమావళి దారిహక్కుతోనో గెలుపుతోనో మొదలుకాదు. ఆపదలో ఉన్న ఏ వ్యక్తికైనా, ఏ పడవకైనా చేతనైనంత సాయం చేయాలన్నది అందులోని మొట్టమొదటి నియమం. సాయం చేయడం వల్ల స్థానం నష్టపోయిన పడవ, న్యాయనిర్ణేతల బృందం ముందు పరిహారం కోరవచ్చు. అంటే పందెం మధ్యలో సాయానికి ఆగడం త్యాగం కాదు, విధి. ఆ విధిని నిర్వర్తించినవారు నష్టపోకుండా చూడటం నిర్వాహకుల బాధ్యత.

1988 సియోల్ ఒలింపిక్స్ సందర్భంగా బూసాన్ వద్ద జరిగిన పందెం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ రెండవ స్థానంలో ఉండగా, వేరొక తరగతికి చెందిన సింగపూరు పడవ బోల్తాపడి ఇద్దరు నీటిలో పడటం చూశాడు. తన పందెం వదిలి వారిని కాపాడాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండవ స్థానాన్నే ఖాయం చేశారు. ఒలింపిక్ సంఘం కూబెర్తాఁ పతకంతో గౌరవించింది.

మరొక సూత్రం కూడా గమనించదగినది. దారి నియమాన్ని ఉల్లంఘించిన నావికుడు, ఎవరూ చెప్పకముందే, తన పడవను రెండు పూర్తి చుట్లు తిప్పి తనకు తానే దండన విధించుకోవాలి. నీటిమీద ప్రతి పడవ వెంటా తీర్పరి ఉండడు కాబట్టి ఆట నిజాయతీపైనే నిలబడుతుంది.

ఆపదలో ఉన్న ఓడపట్ల ధర్మం తెలుగునేలకు కొత్త విషయం కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇదే అంశాన్ని ప్రస్తావిస్తుంది. తుఫానులో చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలివేస్తున్నానని అందులో ఉంది. కాకతీయుల శాసనాలు త్రిపురాంతకేశ్వరాలయంలోనూ ఉన్నాయి. రేవు పాలనలో రాజు ప్రకటించిన అభయానికి, నేటి క్రీడా నియమావళికి చారిత్రక సంబంధం లేదు. అయితే నీటిమీద ఆపదను లాభంగా మార్చుకోకూడదన్న నీతి రెండింటికీ ఉమ్మడిది. ఈ సామ్యం తెలుగు పాఠకునికి ఆ నియమాన్ని పరాయిది కానివ్వదు.

5. గట్టుమీది పని

ఒక పోటీదినాన్ని నడపడానికి కావలసిన పనులను వరుసగా పేర్కొంటే సంఘం అసలు స్వరూపం తెలుస్తుంది. పందెపు అధికారి గాలిని కొలిచి మార్గాన్ని నిర్ణయిస్తారు. గుర్తులను వేసేవారు, గాలి మళ్ళినప్పుడు వాటిని జరిపేవారు ఉంటారు. గడియారం చూసేవారు ఒకరు, జెండాలు ఎత్తి దించేవారు ఒకరు, రేఖ దాటిన వరుసను రాసుకునేవారు మరొకరు. యంత్రపు పడవల్లో రక్షకబృందాలు పందెపు అంచుల వెంట తిరుగుతూ ఉంటాయి. ఒడ్డున పడవలను నీటిలోకి దించేవారు, చిరిగిన తెరచాపలు బాగుచేసేవారు, భోజనాలు చూసేవారు, ఫిర్యాదులు వినే న్యాయనిర్ణేతలు ఉంటారు. పెద్ద పోటీలలో కొందరు అధికారులు వృత్తిరీత్యా వచ్చినా, సంఘస్థాయి పోటీలలో ఈ పనులలో ఎక్కువభాగం సభ్యులు, పాత క్రీడాకారులు, తల్లిదండ్రులు వేతనం లేకుండా చేసేవే. ఈ రోజు పందెంలో దిగినవారు రేపు రక్షకపడవ ఎక్కడం చాలా సంఘాలలో ఆనవాయితీ.

ఈ పనులలో అతి సాధారణంగా కనిపించేది, అతి విలువైనది హాజరు పట్టిక. నీటిలోకి వెళ్ళేముందు ప్రతి క్రీడాకారుడూ తన పేరు ఎదుట గుర్తు పెడతాడు, తిరిగి రాగానే మరొక గుర్తు పెడతాడు. పట్టికలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా రక్షకపడవ ఒడ్డుకు చేరదు. దీనికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. ఒక పలక, ఒక సుద్దముక్క, వాటిని విడిచిపోని ఒక మనిషి చాలు.

సామాజిక కార్యక్రమాలను ఈ వెలుగులోనే చూడాలి. సాయంకాలపు తేనీటి కలయిక, బహుమతి ప్రదానపు విందు, ఏడాది చివరి సర్వసభ్య సమావేశం కేవలం వినోదాలు కావు. పగలు ఒకరిపై ఒకరు ఫిర్యాదు చేసుకున్నవారు సాయంత్రం ఒకే బల్ల దగ్గర కూర్చోవడం సంఘాన్ని నిలబెడుతుంది. వచ్చే ఏడాది ఎవరు ఏ పని మోయాలన్నది తరచు అక్కడే తేలుతుంది. మన ఊళ్ళలో తెప్పోత్సవం జరిగినప్పుడు తెప్ప కట్టేవారు, దీపాలు అమర్చేవారు, తాళ్ళు పట్టేవారు, ప్రసాదం పంచేవారు ఎవరి పని వారు చేసుకుపోవడం ఇటువంటిదే. ఉత్సవం ఒక రాత్రిదే, దాని వెనుక ఊరి ఏర్పాటు తరాలది.

తెలుగు సామెత ఒకటి ఈ సందర్భంలో గుర్తుకు రాక తప్పదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. దాటించినవానిని దాటినవారు మరచిపోవడం లోకరీతి అని ఆ సామెత ఎత్తిపొడుస్తుంది. క్రీడాసంఘాలకూ ఈ ప్రమాదం ఉంది. విజేతల ఛాయాచిత్రాలు పత్రికల్లో వస్తాయి, జెండా దించినవారి పేరు రాదు. ఏటా అదే కొద్దిమంది పనిచేస్తూ, మిగిలినవారు ఆడి వెళ్ళిపోయే స్థితి వచ్చినప్పుడు సంఘం క్షీణిస్తుంది. బహుమతి ప్రదానంలో సేవకులకు మొదటి వరుస ఇవ్వడం మర్యాదకోసం మాత్రమే కాదు, సంఘం మనుగడకోసం.

6. ప్రవేశం ఎవరికి?

తెరచాప క్రీడ ధనికులదన్న అభిప్రాయం నిరాధారం కాదు. పడవల ధర, సభ్యత్వ రుసుములు, ఆంగ్ల వ్యవహారం, దండు సంస్కృతి వారసత్వం దానిని సామాన్యులకు దూరం చేశాయి. హుసేన్‌సాగర్‌పై గత పదిహేనేళ్ళలో వచ్చిన మార్పు ఈ విషయంలో ముఖ్యమైనది. రసూల్‌పురా వంటి బస్తీల పిల్లలు యాట్ క్లబ్ ద్వారా శిక్షణ పొంది జాతీయస్థాయికి చేరారు. అక్కడి ఉద్భవ్ పాఠశాలలో చదివిన కొంగర ప్రీతి, సుధాంశు శేఖర్‌తో కలిసి 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల 470 మిశ్రమ విభాగంలో భారతదేశం తరఫున పోటీపడింది.

పిల్లల శిక్షణకు వాడే ఆప్టిమిస్ట్ పడవ దీనికి అనువైనది. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఈ పడవ పొడవు సుమారు 2.3 మీటర్లు, పడవ మొండెం బరువు 35 కిలోలు. చవకగా, ఇంటి పెరటిలోనే తయారుచేసుకునేలా ఉండాలన్నది దాని మొదటి ఉద్దేశం. ఒకే తెరచాప, ఒకే చుక్కాని, ఒకే బాలనావికుడు. పెద్దలు పక్కన ఉండరు కనుక నిర్ణయమంతా పన్నెండేళ్ళ పిల్లదే.

లోతట్టు ప్రాంతాల నుంచి వచ్చినవారు ఈ క్రీడలో వెనుకబడరన్నదానికి భోపాల్ మరొక సాక్ష్యం. అక్కడి పెద్దచెరువుపై శిక్షణ పొందిన రైతుబిడ్డ నేహా ఠాకూర్ హాంగ్‌ఝౌలోనే బాలికల ఐఎల్‌సీఏ–4 విభాగంలో రజతం గెలిచింది. సముద్రయాన రంగంలోనూ తెలుగు మహిళల పేర్లు ఉన్నాయి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప నౌకపై బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణులలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

7. మాటలు మనవే

శిక్షణ పొందే పిల్లలు తెలుగు, ఉర్దూ ఇళ్ళనుంచి వచ్చినా, పడవ భాగాల పేర్లు, నియమాలు ఆంగ్లంలోనే నేర్చుకుంటారు. అంతర్జాతీయ పోటీలకు అది అవసరమే. కాని మొదటి పాఠానికి, ముఖ్యంగా ప్రమాద హెచ్చరికకు, తల్లిభాష మాట త్వరగా చేరుతుంది. తెలుగుకు ఈ రంగంలో పదదారిద్ర్యం లేదు. తెరచాప, చుక్కాని, తెడ్డు, గెడ, లంగరు, సరంగు, కళాసి వంటి పదాలు జనవ్యవహారంలో ఉన్నాయి. తెర, చాప అనే రెండు ఇంటిమాటల కలయికతో ఏర్పడిన తెరచాప శబ్దం తన అర్థాన్ని తానే చెబుతుంది. లంగరు, సరంగు పారసీక మూలం నుంచి వచ్చి మనవైపోయాయి. దోనె, పుట్టి, తెప్ప, బల్లకట్టు, నావ, ఓడ అంటూ జలవాహనాలకు వేరువేరు పేర్లు ఉన్నాయి.

జాతీయాల విషయంలో ఒక ఆసక్తికరమైన భేదం కనిపిస్తుంది. 'గాలివాటం' అన్న మాటను మనం స్వంత నిర్ణయం లేనివానిని నిందించడానికి వాడతాం. 'చుక్కాని లేని నావ' అన్నదీ అటువంటిదే. రెండింటిలోనూ గాలి మనిషిని లాక్కుపోయే శక్తి. తెరచాప క్రీడ దీనికి భిన్నమైన అర్థాన్ని ముందుంచుతుంది. గాలివాటం తెలియనివాడు ఎదురుగాలిలో ముందుకు పోలేడు. గాలిని గమనించడం లొంగుబాటు కాదు, నేర్పు. శిక్షకులు ఈ జాతీయాలను పాఠంలో ఉపయోగించుకుంటే పిల్లలకు భావన సులభంగా అందుతుంది. భద్రీరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటి చూపిన మార్గంలో, చెరువు, రేవు, సముద్రతీర వృత్తుల మాటలను క్రీడాశిక్షణకు అనుసంధానించే చిన్న పదసూచిక ఒకటి తెలుగు శాఖలు చేపట్టదగిన పని.

8. కంభం చెరువు ముందు నిలిచి

త్రిపురాంతకం పరిసరాలలో పెద్ద జలాశయం కంభం చెరువు. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి నిర్మించిన ఈ చెరువును గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మతో ముడిపెట్టి స్థానికులు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. చెరువు నిండిన ఏడాది కొండల నడుమ ఆ నీటి విస్తీర్ణం చూసినవారికి ఇక్కడ తెరచాప ఎందుకు ఎగరకూడదన్న ఆలోచన రావడం సహజం.

ఆ ఆలోచనకు పరిమితులు ఉన్నాయి. చెరువు ఏటా నిండదు. నిండిన నీటిపై మొదటి హక్కు ఆయకట్టు రైతుది, తాగునీటిది, చేపలు పట్టేవారిది. 1997 నాటి చట్టం ప్రకారం ఏర్పడే నీటి వినియోగదారుల సంఘాలకు తెలియకుండా ఇక్కడ ఏ కొత్త కార్యకలాపమూ ఉచితం కాదు. తెరచాప పడవ నీటిని ఖర్చు చేయదు, ఇంధనం కాల్చదు. అయినా నీరు లేని ఏడాది అది ఒడ్డున ఆరబెట్టిన వస్తువే. అందుచేత హైదరాబాదు నమూనాను యథాతథంగా తెచ్చి పెట్టడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు.

అయితే ఆ నమూనాలోని ఒక పాయ మాత్రం తక్షణమే కావలసినది. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి కార్తికమాస విహారానికి వెళ్ళినవారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మరొక ఘోరం జరిగింది. హుసేన్‌సాగర్ కూడా 1990లో బుద్ధవిగ్రహాన్ని తరలిస్తున్న బార్జి ఒరిగి ప్రాణనష్టాన్ని చూసింది, విగ్రహం 1992లో గాని శిలావేదికపై నిలవలేదు. ఇవి పత్రికలకెక్కిన పెద్ద దుర్ఘటనలు. వేసవి సెలవుల్లో చెరువులో, క్వారీ గుంటలో, కాలువలో ఈతకు దిగి మునిగిపోయే పిల్లల వార్త జిల్లా పుటలో నాలుగు పంక్తులకు మించదు. ఐక్యరాజ్యసమితి 2021లో జులై 25ను నీటమునిగే మరణాల నివారణ దినంగా ప్రకటించింది. హుసేన్‌సాగర్‌పై పోటీకాలం నడిచే నెల అదే.

తెరచాప సంఘంలో రక్షాకవచం లేకుండా ఎవరినీ నీటిలోకి పంపరు. ఈత రానివారికి పడవ ఇవ్వరు. కావాలనే పడవను బోల్తా కొట్టించి మళ్ళీ నిలబెట్టడం మొదటి పాఠాలలో ఒకటి. వెళ్ళినవారి లెక్క, వచ్చినవారి లెక్క సరిపోయేదాకా ఒడ్డున ఒకరు కాపలా ఉంటారు. వీటిలో ఏ ఒక్కదానికీ తెరచాప అవసరం లేదు. విహార పడవల రేవులలో, కార్తికస్నానాల ఘట్టాలలో, వేసవి ఈతలకు చెరువుగట్టున, పాఠశాలల నుంచి వెళ్ళే యాత్రలలో ఇవి ఆచరణసాధ్యమైనవి.

ఇందుకు మన సంప్రదాయంలో ఆధారమూ ఉంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి, ఆంగ్లేయుల కాలంలో మద్రాసు రాజధానిలో భాగం. ఆ రాజధాని అంతటా చెరువుల పూడిక, కలుజుల మరమ్మతు, గట్టు కాపలా రైతులు వంతులవారీగా చేసే 'కుడిమరామత్తు' ఆచారంగా ఉండేది. అది కూలి కాదు, దానమూ కాదు. నీటిని వాడుకునేవారు నీటికి చెల్లించే బాకీ. స్వచ్ఛంద సేవ అన్న ఆధునిక పదానికి చెరువుగట్టున సరిపడే దేశీయ భావన ఇదే. పూడికతీతకు వంతు ఉన్నట్లే, స్నానఘట్టం దగ్గర కాపలాకు వంతు ఉండటం అసాధ్యమేమీ కాదు. కళాశాలల జాతీయ సేవా పథకం విభాగాలు, నీటి వినియోగదారుల సంఘాలు, చేపలు పట్టేవారి సహకార సంఘాలు కలిస్తే అటువంటి ఏర్పాటుకు పునాది ఏర్పడుతుంది. చెరువు లోతుపాతులు బాగా తెలిసిన మత్స్యకారులను ఇందులో శిక్షకులుగా, గౌరవ పారితోషికంతో నియమించడం న్యాయం.

9. ఉపసంహారం

హుసేన్‌సాగర్ తెరచాప పోటీకాలం పరిశీలనలో మూడు అంశాలు తేలాయి. ఒకటి, ఈ ఆట నియమావళి గెలుపుకన్న ముందు ప్రాణరక్షణను విధిగా నిర్ణయించింది. రెండు, పందెం, కలయిక, సేవ వేరువేరు కార్యక్రమాలు కావు. సేవ పందేన్ని నిలబెడుతుంది, కలయిక సేవను తరువాతి ఏడాదికి అందిస్తుంది. మూడు, ఆట ఎవరిదన్నది శాశ్వతంగా నిర్ణయమైన విషయం కాదు. బస్తీ పిల్లలకు పడవ అందించినప్పుడు వారు చుక్కాని పట్టి చూపారు.

పడమటి ప్రకాశానికి ఈ అనుభవం నుంచి వెంటనే దక్కవలసినది హాజరు పట్టిక, రక్షాకవచం, వంతు కాపలా. చెరువులు నిండే ఏళ్ళు వరుసగా వచ్చి, రైతుకూ తాగునీటికీ లోటు లేని రోజు వస్తే, కంభం నీటిపై ఆప్టిమిస్ట్ పడవ ఒకటి తేలడానికి అభ్యంతరం ఉండదు. అప్పటికి గట్టుమీద కాపలా ఉండే మనుషులు, వారు పిలిచే తెలుగు మాటలు సిద్ధంగా ఉండాలి. ఆ సన్నాహం మొదలుపెట్టడానికి చెరువు నిండేదాకా ఆగనక్కరలేదు.